వేడినీళ్ళ ఖరీదు

గృహయంత్రాలకు ఒక విచిత్రమైన స్వభావం ఉన్నది. అంతగా అవసరం లేని రోజుల్లో అవి నిక్షేపంగా పనిచేస్తాయి; అవసరం ముదిరిన రోజున మొండికేస్తాయి. పంకా ఆగిపోయేది రోహిణీకార్తెలో. నీళ్ళ మోటారు కాలిపోయేది ఇంటినిండా బంధువులున్నప్పుడు. గీజరు మూలపడేది పుష్యమాసపు చలిలో. ఇందులో గ్రహచారమేమీ లేదు. ఎక్కువగా వాడే రోజుల్లోనే యంత్రం ఎక్కువగా శ్రమిస్తుంది. శ్రమించినప్పుడే దానిలోని లోపం బయటపడుతుంది.

హైదరాబాదులో మేము కొన్న పాత ఫ్లాటుతోపాటు ఒక 25 లీటర్ల గీజరు కూడా మాకు సంక్రమించింది. జనవరిలో ఒక ఉదయం దాని స్విచ్చి వేయగానే ఇల్లంతా చీకటైంది. మీటర్ బోర్డు దగ్గరకు వెళ్ళి, పడిపోయిన మీటను మళ్ళీ ఎత్తితే దీపాలు వెలిగాయి. గీజరు వేయగానే మళ్ళీ ఆరిపోయాయి. ఆ మీట పేరు ఆర్.సి.సి.బి. తీగలో వెళ్ళిన కరెంటుకూ తిరిగివచ్చిన కరెంటుకూ 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే చాలు, అది క్షణంలో సరఫరాను తెంచివేస్తుంది. అంటే గీజరులో ఎక్కడో కరెంటు దారితప్పి నీటిలోకో, రేకులోకో పోతున్నదన్నమాట.

మా అమ్మకు 81 ఏళ్ళు. మోకాళ్ళలో వాతం. మొదటిరోజు గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచి, మసిలే గిన్నెతో వంటింటినుంచి స్నానాల గదిదాకా తడినేల మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాము. రెండోరోజు మేము లేచేసరికే అమ్మ చన్నీళ్ళు పోసుకుని పూజ దగ్గర కూర్చున్నది.

“నా ఒక్కదానికోసం ఇంత ప్రయాస ఎందుకురా? చిన్నప్పుడు కార్తీకమాసమంతా తెల్లవారకముందే కాలవలో మునిగినదాన్నే కదా!” అన్నది.

ఆ సాయంత్రానికి ఆమె కుర్చీలోనుంచి ఒకరి సాయం లేకుండా లేవలేకపోయింది. కనుక ఈ మరమ్మతు వచ్చేనెలకు వాయిదా వేయదగిన ఖర్చు కాదు. అవసరం ముఖాన కనిపించే ఇంట్లో బేరానికి బలముండదని మరమ్మతులు చేసేవారికి బాగా తెలుసు.

మొదట వచ్చినవాడు గీజరు తయారీదారుల తరఫు మనిషి. శుభ్రమైన దుస్తులు, చేతిలో రసీదు పుస్తకం. గీజరు పాతబడిన తీరు చూశాడు, దాని మీద ముద్రించిన తయారీ సంవత్సరం చూశాడు. మూత మాత్రం విప్పలేదు. “ట్యాంకు పోయింది సార్. మార్చాలంటే 5,800 అవుతుంది. దానికంటే 10,500 పెట్టి కొత్తది కొనుక్కోవడం మేలు” అన్నాడు. ఆ మాటకు 450 రూపాయలు రుసుము తీసుకుని రసీదు ఇచ్చాడు.

రెండోవాడు పక్కవీధి కుర్రవాడు. వాడూ మూత విప్పలేదు. “ఆ ట్రిప్పయ్యేదానితోనే గొడవంతా. గీజరుకు దానితో సంబంధం లేకుండా వేరే తీగ లాగుతాను. 300 ఇవ్వండి చాలు” అన్నాడు. వాడి ఉద్దేశంలో మోసం లేదు. నిజంగా సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. కాని ప్రమాదం వస్తున్నదని అరిచే కావలివాడి నోరు మూయించడమే అది. ఆ తరువాత తడి ఒంటితో అమ్మ కుళాయి పట్టుకుంటే అడ్డుపడేందుకు ఏదీ మిగిలి ఉండదు. 300 రూపాయల ఆ చౌకబేరాన్ని తలచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పదివేల అయిదువందలు ఒకవైపు, మూడువందలు ఒకవైపు. ఒకే జబ్బుకు ఇంత తేడాతో రెండు వైద్యాలు ఎలా వచ్చాయి? జబ్బును ఎవరూ చూడకపోవడం వల్లనే కదా!

మా అమ్మమ్మగారి పెరట్లో రాగి బాయిలరు ఉండేది. నడిమి గొట్టంలో కొబ్బరి డొక్కలు, పిడకలు వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీరు కాగేది. దానికీ జబ్బులు వచ్చేవి. కుళాయి కారేది, ఎప్పుడైనా అడుగున చిల్లి పడేది. కాని ఆ చిల్లి కంటికి కనిపించేది. మాటు వేసేవాడు వచ్చి, ఎక్కడ పోయిందో ఇంటివారికి వేలితో చూపించి, అక్కడే కూర్చుని అతికేవాడు. ఎంత పనో అందరికీ తెలుసు గనుక ఎంత కూలో కూడా తెలిసేది. నేటి గీజరు తెల్లని డబ్బాలో తన లోపాన్ని దాచుకుంటుంది. లోపం కనిపించని చోట ధర అనేది చెప్పేవాడి నోటిమాట.

మూడోరోజు వచ్చిన వృద్ధ మెకానిక్కు ధర చెప్పలేదు. “విప్పి చూడనిదే ఏం చెప్పను సార్? విప్పినందుకు 300 ఇవ్వండి. పని నాకే ఇస్తే కూలిలో తగ్గించుకుంటాను” అన్నాడు. కరెంటు ఆపి, నీరు వదిలి, అడుగు బిళ్ళ మరలు విప్పాడు. లోపలినుంచి సున్నపు పెచ్చులు బొలబొల రాలాయి. చిన్న బకెట్టులో మూడోవంతు నిండింది.

ఆ సున్నం మా బోరునీటిలోనిది. నేలలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగిన నీటిని కఠినజలం అంటాము. భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయం ప్రకారం తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. మా బోరునీటిలో అది 520. నీరు కాగినప్పుడు కరిగి ఉన్న బైకార్బొనేటు కార్బొనేటుగా మారి పెచ్చుకడుతుంది. 60 డిగ్రీలు దాటినకొద్దీ ఈ పేరుకోవడం ఎక్కువవుతుంది. ఎలిమెంటు చుట్టూ సున్నం కవచంలా పట్టేస్తే వేడి నీటికి చేరదు. ఎలిమెంటు తన వేడికి తానే మాడి చిట్లుతుంది. మాది సరిగ్గా అలాగే చిట్లింది. కరెంటు నీటిలోకి దిగినది ఆ చీలికలోనుంచే.

పెద్దాయన మరొక వస్తువు కూడా చూపించాడు. ఒకప్పుడు వేలిలావున ఉన్న మెగ్నీషియం కడ్డీ తినేసిన కంకిలా, లోపలి ఇనుపతీగ మాత్రం మిగిలి ఉన్నది. “ఇది అరిగిపోయేందుకే పెడతారు సార్. ఇది ఉన్నంతకాలం తుప్పు దీన్ని తింటుంది, ట్యాంకు జోలికి పోదు” అన్నాడు. ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ 1824లో ఓడల అడుగు రాగిరేకును కాపాడేందుకు జింకు, ఇనుము ముక్కలను తగిలించమని సూచించిన ఉపాయం ఇదే సూత్రం మీద నడిచింది. రెండువందల ఏళ్ళనాటి ఆ ఉపాయం ఇప్పుడు మన స్నానాల గదిలో గోడమీద వేలాడుతున్నది.

ట్యాంకు చెక్కుచెదరలేదు. థర్మోస్టాటు పరీక్షించి “బాగానే ఉంది, మార్చవద్దు” అని అతనే అన్నాడు. మార్చవలసినదాన్ని చెప్పేవారు చాలామంది ఉంటారు. మార్చనక్కరలేనిదాన్ని చెప్పేవాడు అరుదు. లెక్క ఇది: ఎలిమెంటు 750, కడ్డీ 350, రబ్బరు వాషరు 100, విప్పినందుకు ఇచ్చినది కలుపుకుని కూలి 600. మొత్తం 1,800 రూపాయలు. వేడిని 55 డిగ్రీల దగ్గర ఉంచమనీ, ఏడాదికొకసారి సున్నం తీయించమనీ, అప్పుడే కడ్డీ కూడా చూడమనీ చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం అమ్మ చాలాసేపు వేడినీళ్ళు పోసుకున్నది. మోకాళ్ళు సర్దుకోవడానికి మరో వారం పట్టింది.

అప్పటినుంచి ఇంట్లో ఏది చెడినా మరమ్మతుకు వచ్చినవారిని మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఏమి పోయింది? ఎందుకు పోయింది? మళ్ళీ పోకుండా ఏమి చేయాలి? ఎంత అవుతుందన్నది నాలుగో ప్రశ్న. చాలామంది గృహస్థులు నాలుగోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. వస్తువు చెడిపోయిన చికాకులో, పనివాడు వెళ్ళిపోతాడేమోనన్న తొందరలో అది సహజమే. అయితే మొదటి మూడింటికి జవాబు లేని ధర, నాడి చూడకుండా రాసిన మందుచీటీ వంటిది. దానిలో అంకె పెద్దదా చిన్నదా అన్నది తరువాతి మాట.

మరమ్మతుకు ఇచ్చే సొమ్ములో వస్తువు ధర కొంత, చేతిపనికి కొంత, చూపుకు కొంత ఉంటుంది. మేము ఇచ్చిన 1,800లో ఎలిమెంటు 750 మాత్రమే. మూత విప్పి, కూర్చుని, ఓపికగా చూసిన ఆ చూపుకు 300. ఆ లెక్కలో అన్నిటికన్నా చౌకగా దొరికినది అదేనని నేటికీ నా నమ్మకం.