అడిగే మనిషి ఒకరు కావాలి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్లు వచ్చినప్పుడు, "మీ ఇష్టమన్నా, కానీ మాకు పనికొచ్చేలా ఉండాలి" అన్నారు. ఆ షరతు నాకు నచ్చింది. అందుకే చాలాకాలంగా మనసులో ఉన్న ఒక విషయం మీ ముందు పెడుతున్నాను. చదువుకునే పిల్లలకు పుస్తకం, పళ్లెం, దుప్పటితో పాటు ఇంకొకటి కూడా కావాలి. పదిరోజులకో, పదిహేను రోజులకో వచ్చి "ఎంతవరకు వచ్చింది?" అని అడిగే మనిషి ఒకరు కావాలి.

ఈ మధ్య పట్టణాల్లో ఇలాంటి వారిని సక్సెస్ కోచ్ అంటున్నారు. గంటకు ఇంత అని ఫీజు తీసుకుంటారు. పెద్ద ఉద్యోగులు, వ్యాపారులు వాళ్ల దగ్గరికి వెళ్తున్నారు. మనకు అంత స్తోమత లేదు, అవసరం కూడా లేదు. కానీ ఆ పనికి విలువ లేదని మాత్రం అనుకోవద్దు. చదువుకున్న ఇళ్లలో ఆ పని ఇంట్లోవాళ్లే చేస్తారు. నాన్న ఇంజనీరో, మేనమామ బ్యాంకు ఉద్యోగో అయితే ఏ కోర్సు మంచిదో, ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో అన్నం తినేటప్పుడే తెలిసిపోతుంది. మన అమ్మానాన్నల ప్రేమకు తక్కువేమీ లేదు. పొద్దున్నే కూలికి పోతూ "బాగా చదువుకో బిడ్డా" అంటారు. ఆ మాటలో వాళ్ల ప్రాణమంతా ఉంటుంది. అయితే ఎక్కడ చదవాలి, ఏ తేదీలోగా ఏ కాగితం ఇవ్వాలి అన్నది వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

నేను 1992 నుంచి 1997 వరకు ఈ హాస్టల్లో ఉన్నాను. తొమ్మిదో తరగతిలో ఉండగా మాకు ఒక అన్న పరిచయమయ్యాడు. మన హాస్టల్ పాత విద్యార్థే. పోస్టాఫీసులో గుమాస్తా. రెండు వారాలకోసారి ఆదివారం పూట సైకిల్ మీద వచ్చేవాడు. ఆయన పాఠాలు చెప్పేవాడు కాదు. చేతిలో నలభై పేజీల నోటుబుక్కు ఒకటి ఉండేది. అందులో మా ఐదుగురి పేర్లు రాసుకున్నాడు. ఒక్కొక్కరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టుకొని మూడు ప్రశ్నలు అడిగేవాడు. పోయినసారి ఏం చేస్తానన్నావు? ఎంత చేశావు? ఏది అడ్డం వచ్చింది?

అసలు విషయమంతా ఆ మూడో ప్రశ్నలోనే ఉండేది. మా ఐదుగురిలో ఒకడికి లెక్కల్లో ఎప్పుడూ నలభై దాటేవి కావు. అన్న వాణ్ణి తిట్టలేదు. జవాబు పత్రం తెమ్మని చూశాడు. చేసినవన్నీ సరిగానే ఉన్నాయి, చివరి ప్రశ్నలు మాత్రం మొదలే పెట్టలేదు. తన చేతి గడియారం విప్పి వాడికిచ్చి, "మళ్లీ వచ్చేదాకా ఉంచుకో. ఒక్కో లెక్కకు ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కన రాయి" అన్నాడు. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, టైం చాలడం లేదని రెండు వారాల్లో తేలిపోయింది. ఆ తర్వాత పరీక్షలో వాడికి అరవై దాటాయి.

నా విషయంలో ఆయన చేసిన మేలు వేరు. పదో తరగతి జనవరిలోనే కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు తీసుకోవాలని చెప్పాడు. మా నాన్నను, నన్ను మండల ఆఫీసుకు తీసుకెళ్లాడు. బల్ల ముందుకు వెళ్లే సమయానికి తను రెండడుగులు వెనక్కి జరిగి, "నువ్వే అడుగు" అన్నాడు. భయపడుతూనే అడిగాను. పని జరిగింది. ఆ కాగితాలతోనే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి, వరంగల్లులో ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరాను. ఈ రోజు విద్యుత్ శాఖలో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఏ ఆఫీసర్ ముందు నిలబడినా ఆ "నువ్వే అడుగు" అన్న మాట గుర్తుకొస్తుంది.

ఇక్కడ ఇంకొకరి సంగతి కూడా చెప్పాలి. నా ట్రంకు పెట్టె పక్కన పెట్టె వాడిది. లెక్కల్లో మా అందరికంటే వాడే ముందు. కానీ ఆ నోటుబుక్కులో ఐదు పేర్లే ఉన్నాయి, వాడు ఆరోవాడు. టెన్త్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. దరఖాస్తు ఎప్పుడు వచ్చిందో, గడువు ఎప్పుడు దాటిపోయిందో వాడికి తెలియనే లేదు. ఎండాకాలం సెలవుల్లో మేస్త్రీ వెంట పనికి పోయాడు, మళ్లీ చదువుకు రాలేదు. ఇప్పుడు హైదరాబాదులో పేరున్న తాపీమేస్త్రీ. స్లాబుకు ఎంత ఇసుక, ఎంత సిమెంటు పడుతుందో కాగితం లేకుండా చెబుతాడు. కష్టపడి బతుకుతున్నాడు, అందులో చిన్నతనం ఏమీ లేదు. వాళ్ల అమ్మాయి పెళ్లిలో కలిసినప్పుడు, "మీ అన్న నన్ను కూడా అడిగుంటే ఆ ప్లాను నేనే గీసేవాణ్ణిరా" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు కానీ నాకు మాత్రం నవ్వు రాలేదు. మా ఇద్దరికీ తెలివిలో తేడా లేదు. తేడా అంతా ఆ నోటుబుక్కులో ఒక పేరు దగ్గరే ఉంది.

ఇది మన ఒక్క హాస్టల్ సంగతి కాదు. మన గోడ మీద ఫొటోలో ఉన్న బాబాసాహెబ్ అంబేడ్కర్‌నే తీసుకోండి. బొంబాయిలో చదువుకునే రోజుల్లో బడి అయ్యాక తోటలో కూర్చొని చదువుకునే ఆ కుర్రవాణ్ణి కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు గమనించాడు. చదవడానికి పుస్తకాలిచ్చాడు. 1907లో మెట్రిక్ పాసైన తర్వాత జరిగిన సన్మానంలో, తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను కానుకగా ఇచ్చాడు. తర్వాత డబ్బు లేక కాలేజీ చదువు ఆగిపోయే పరిస్థితి వస్తే, బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌కు చెప్పి నెలకు 25 రూపాయల ఉపకార వేతనం వచ్చేలా చూశాడు. 1912లో బి.ఎ., 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం. చదువు, పట్టుదల అంబేడ్కర్‌వే. ఆయన కోసం ఒక తలుపు తట్టింది మాత్రం కేలూస్కర్.

మన కాలంలో ఉదాహరణ కావాలంటే మాలావత్ పూర్ణ ఉంది. నిజామాబాద్ జిల్లా గిరిజన కూలీల ఇంటి బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లకు శిక్షణ ఇచ్చింది పర్వతారోహకుడు శేఖర్‌బాబు. మొదటి రోజే ఎవరెస్టు ఎక్కమంటే ఎవరైనా పారిపోతారు. అందుకే ముందు భువనగిరి కోట గుట్ట మీద రాళ్లెక్కడం, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. కోచ్ పని అక్కడే ఉంది. పెద్ద కొండను ఈ వారం ఎక్కగలిగిన చిన్న గుట్టగా చేసి చూపించాలి. ఎక్కాల్సింది మాత్రం మన కాళ్లతోనే.

ఇప్పుడు సెల్‌ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా, ఇంకా అన్న ఎందుకని కొందరు అడుగుతున్నారు. నిజమే, సమాచారం దొరుకుతుంది. పదో తరగతి మార్కుల మీద ఆరేళ్ల చదువుకు తీసుకునే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు 2008లోనే వచ్చాయి. ఫోన్‌లో వెతికితే వాటి వివరాలు వస్తాయి. కానీ "దరఖాస్తు పెట్టావా? రసీదు చూపించు" అని ఫోన్ అడగదు. వార్షికోత్సవానికి వచ్చిన అతిథి మంచి ఉపన్యాసమే ఇస్తాడు, మనం చప్పట్లు కొడతాం. మరుసటి ఆదివారం ఆయన రాడు. నోటుబుక్కు పట్టుకొని మళ్లీ వచ్చేవాడే కోచ్.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అలాంటి మనిషిని మీరే వెతుక్కోండి. సార్ కావచ్చు, కాలేజీలో చదివే సీనియర్ అక్క కావచ్చు, మీ ఊరి నర్సమ్మ కావచ్చు. అయితే కొన్ని గుర్తుంచుకోండి. ర్యాంకు గ్యారంటీ అని డబ్బు అడిగేవాణ్ణి నమ్మొద్దు. మీ పని తనే చేసిపెట్టేవాడి వల్ల మీకు లాభం లేదు. ఎవరికీ చెప్పొద్దని, ఒంటరిగా రమ్మని అనేవాళ్లకు దూరంగా ఉండండి. మంచి మాట వార్డెన్ ముందు, నలుగురిలో చెట్టుకింద కూర్చొని కూడా చెప్పొచ్చు.

పూర్వ విద్యార్థి మిత్రులారా! మొదటి జీతంతో నేను ఆ అన్నకు చొక్కాగుడ్డ తీసుకెళ్లాను. తీసుకొని, "మరి నోటుబుక్కు కొన్నావా?" అని అడిగాడు. ఆ వారమే కొన్నాను. ఇప్పటివరకు పదకొండు మంది పేర్లు రాశాను. దానికి పెద్ద ఖర్చు లేదు. రెండు వారాలకోసారి ఒక గంట, రాలేని వారం పది నిమిషాల ఫోను. తొమ్మిది, పది తరగతులు రెండేళ్లూ వదలకుండా అడగాలి, అంతే. ఈ వార్షికోత్సవం రోజు భోజనాలయ్యాక వెళ్లిపోకుండా, వార్డెన్ గారికి చెప్పి ఒక్కొక్కరం ఇద్దరిద్దరి పేర్లు రాసుకుందాం. చేయెత్తి ముందుకొచ్చే పిల్లలు ఎలాగూ వస్తారు. వెనక నిలబడి చూస్తున్న ఆరోవాడి పేరు ముందు రాయండి.

— 1997 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి