గడువులో ఎన్ని అడుగులు?

కారు పందెమంటే మనకు గుర్తొచ్చేది రయ్యిమని దూసుకుపోయే వేగం. కానీ ఫ్రాన్స్‌లోని లెమాన్స్‌లో 1923లో మొదలైన 24 గంటల పందెం తీరే వేరు. అక్కడ గీత ముందుగా దాటడం కాదు... గడువు ముగిసేలోగా ఎవరు ఎక్కువ దూరం వెళ్తే వాళ్లదే కప్పు.

ఈ లెక్క గుంటూరు, ప్రకాశం రైతులకు కొత్తగా చెప్పాలా! బండలాగుడు పోటీల్లో వాళ్లు పాటించేది అచ్చంగా ఇదే. ఇంజిను బదులు ఒంగోలు గిత్తలు, గంటల బదులు నిమిషాలు... అంతే తేడా.

శివరాత్రి రోజుల్లో గుంటూరు నుంచి ఒంగోలు వైపు బయల్దేరండి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు కారు అద్దం దించితే తుమ్ములు ఖాయం. చిలకలూరిపేట చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లులు, పత్తి బేళ్ల లారీలు. అటు కోటప్పకొండ దారిలో ప్రభల సందడి. మార్టూరు, మేదరమెట్ల దాటేలోపు ఏదో ఒక ఊళ్లో మైకు గట్టిగా వినిపిస్తే బండి అటు తిప్పేయండి.

పోటీ జరిగే చోటు చదును చేసిన పొడవాటి బరి. ఇరువైపులా తాళ్లు, వెనక జనం. క్వింటాళ్ల బరువుండే రాతిబండను కాడికి కట్టి, విజిల్ వేయగానే గడియారం మొదలుపెడతారు. జత ఈ కొస నుంచి ఆ కొసకు లాగాలి, తిరగాలి, మళ్లీ లాగాలి. బరి 300 అడుగులనుకుంటే పది చుట్లు లాగిన జత 3,000 అడుగులు వెళ్లినట్టు. అంటే కిలోమీటరుకు కాస్త తక్కువ! పదకొండో చుట్టులో సగంలో గడువైపోయినా ఆ సగం వృథా కాదు. టేపు పట్టి అడుగులు, అంగుళాలతో సహా కొలుస్తారు. ఒక్కోసారి పోటీ తేలేది ఆ అంగుళాల దగ్గరే.

చూడాల్సింది మలుపు దగ్గర. తిన్నగా లాగడం బలముంటే చాలు. బండను మళ్లించడానికి మాత్రం రెండు గిత్తలూ ఒకదాని మనసు ఒకటి ఎరిగి ఉండాలి. లోపలి గిత్త నిలదొక్కుకోవాలి, బయటి గిత్త చుట్టు తిరగాలి. కారు పందెంలో పెట్రోలు కోసం, టైర్ల కోసం ఆగినప్పుడు పోయే సమయం ఇక్కడ మలుపులో పోతుంది. ఆరంభంలో ఉరికిన జత ఆరో చుట్టుకే రొప్పుతుంటే, నింపాదిగా మొదలెట్టింది దాన్ని దాటేయడం మామూలే.

అందరినీ ఒకే గాటన కట్టరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు... ఇలా విభాగాలు. నోరు తెరిచి చూస్తే వయసు తెలుస్తుంది, బర్త్ సర్టిఫికెట్ అక్కర్లేదు! దాన్నిబట్టే బండ బరువు. సేద్యపు జతలకు చాలాచోట్ల వేరే పోటీ పెడతారు. నా దృష్టిలో అసలు తెలివైన ఏర్పాటు ఇదే. ఏ పందెమైనా పేరొచ్చాక డబ్బున్నవాడి చేతిలోకి జారుతుంది. అమెరికాలో 2006లో మొదలైన ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ పోటీలో కారు ఖరీదు 500 డాలర్లు మించకూడదన్న నియమం పెట్టింది అందుకే. లక్షలు పోసి కొని, పోటీ కోసమే ఉలవలు, పత్తిగింజలు పెట్టి మేపిన జతతో పొలం దున్నే జతను కట్టేస్తే రెండో ఏడు ఆ రైతు రాడు.

దున్నే జతలు ఎక్కడున్నాయంటారా? నిజమే. ట్రాక్టరొచ్చాక కొట్టాల్లో కాడి కనబడటం తగ్గింది. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో వర్ధిల్లుతోంది. ఆ జాతికే చెందిన వయాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటాను 2023లో అమ్మితే, మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇక్కడ మాత్రం గిత్తను పెంచడానికి చాలా ఇళ్లలో మిగిలిన కారణం ఈ బండే.

దీనికి ఇంకో ముఖమూ ఉంది. సుప్రీంకోర్టు 2014 మే 7న జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సవరించుకున్న చట్టాలను 2023 మే 18న సమర్థించింది. కోర్టు మాట అలా ఉంచితే, బరి పక్కన నిలబడినవాళ్లకే తెలుస్తుంది... ఏ జత తర్ఫీదుతో లాగుతోందో, ఏ జత దెబ్బకు లాగుతోందో. కర్ర తగిలితే అడుగులు కోసేయాలన్న నియమాన్ని అన్ని ఊళ్లలో గట్టిగా అమలు చేస్తే పోటీ రుచి తగ్గదు, మలుపు నేర్పు ఇంకా బయటపడుతుంది.

కొన్ని ఊళ్లలో ట్రాలీతో సహా ట్రాక్టరును వెనక్కి నడిపే పోటీలూ పెడుతున్నారు. అక్కడా ఉత్కంఠ మలుపు దగ్గరే. వెళ్తే టోపీ, మంచినీళ్ల సీసా మరవొద్దు. తాడుకు నాలుగడుగులు వెనకే నిలబడండి, పిల్లలుంటే మరీనూ.