రంపానికి లేని రేకు

మేస్త్రీ నోట్లు లెక్కపెడుతున్నప్పుడు గానీ ఆయన కుడిచేతిని నేను సరిగా చూడలేదు. చూపుడువేలు సగం వరకే ఉంది. మధ్యవేలికి పై కణుపు లేదు. 16 వేల రూపాయల కట్టను బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో ఒక్కొక్క నోటూ తిప్పుతూ లెక్క పూర్తిచేశారు. నా చూపు ఎక్కడ ఆగిందో గమనించి, 'దీని మీదనే పోయినయి సార్' అన్నారు, అప్పుడే నా సొత్తయిన మిషన్ వైపు గడ్డంతో చూపిస్తూ. 2008లో సంగతట. దసరా ముందు పని ఒత్తిడి, చేతిలో చిన్న చెక్క ముక్క, రెప్పపాటు కాలం. చెయ్యి మానాక అదే మిషన్ మీద ఆయన మరో పదిహేనేళ్లు పనిచేశారు.

అది చెక్కలు కోసే పాత టేబుల్ సా. పోత ఇనుప బల్ల, దాని మధ్య సన్నటి గాడి, గాడిలోంచి పైకి తేలి తిరిగే గుండ్రటి రంపపు బ్లేడు. ఉప్పల్ దగ్గర ఆయన దుకాణం మూతపడుతోందని తెలిసి 2023లో వెళ్లాను. ఫ్యాక్టరీలో కోసి, అంచులు అతికించి, అట్టపెట్టెల్లో ఇంటికొచ్చే అల్మారాల కాలంలో టేకు తలుపులు చేయించుకునేవారు తగ్గిపోయారన్నది ఆయన చెప్పిన కారణం. ఇద్దరు పనివాళ్లూ ఫ్లాట్ల ఇంటీరియర్ పనులకు వెళ్లిపోయారు. కొడుకూ ఆ దారే పట్టాడు.

నాది బ్యాంకు ఉద్యోగం. చెక్కపని సెలవు రోజుల సరదా. పీటలు, పుస్తకాల అరలు, ఒక ఊయల బల్ల చేశాను. ఆరడుగుల టేకు పలకను చేతిరంపంతో నిలువునా కోయాలంటే ఒక మధ్యాహ్నమంతా గడిచిపోయేది. అంత చేసినా కోత గీత తప్పేది. కొత్త మిషన్లు చూశాను. నాకు అందే ధరలో ఉన్నవి అల్యూమినియం బల్లలవి, పలకను గట్టిగా తోస్తే మిషనే జరిగేంత తేలికవి. రాణీగంజ్ దుకాణాల్లో కనిపించిన పోత ఇనుపవాటి ధర నా శక్తికి మించింది. పాతది కొని బాగుచేసుకోవడమే దారి అనిపించింది.

పాత రంపం కొనేవాళ్లు తుప్పు చూసి భయపడనక్కర్లేదు. పైపై తుప్పు ఓపిక ఉంటే వదులుతుంది. చూడాల్సినవి వేరు. బల్ల మీద ఉక్కు స్కేలును అంచున నిలబెట్టి, మూల నుంచి మూలకు జరుపుతూ కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడాలి. కనిపిస్తే బల్ల వంగినట్టే. పోతలో పగులుంటే వదిలేయడం మంచిది. పోత ఇనుమును అతకడం వెల్డింగ్ చేసే ప్రతివారికీ చేతకాదు. బెల్టు తీసి ఇరుసును చేత్తో తిప్పాలి. గరగరమంటే బేరింగులు అరిగినట్టు, వాటిని మార్చుకోవచ్చు. ఇరుసే వంకరపోతే ఖర్చు పెరుగుతుంది. చివరగా మోటారు. దుకాణాల మోటార్లు ఎక్కువగా మూడు ఫేజులవి. మా ఇంటికి వచ్చే కరెంటు ఒకే ఫేజు. అందుకే మోటారును మేస్త్రీకే వదిలేసి రెండు వేలు తగ్గించుకున్నాను.

ట్రాలీ ఆటోలోంచి దించడానికి నలుగురు కావాల్సివచ్చింది. ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టి పని మొదలెట్టాను. మూడు ఆదివారాలు తుప్పుకే పోయాయి. డీజిల్ పోసి నానబెట్టి, 120 నంబరు ఎమెరీ కాగితంతో, తర్వాత 400 నంబరుతో రుద్దితే నల్లటి పొర కింద నుంచి బూడిద రంగు ఇనుము బయటపడింది. దాని మీద నూనె రాయకూడదు, చెక్కకు మరకలు అంటుతాయి. మైనం పూసి తుడిస్తే తుప్పూ పట్టదు, పలకా సులువుగా జారుతుంది. బేరింగులు రెండూ 6204 రకానివి. మోటార్లు రిపేరు చేసే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి.

రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు కొన్నాను. అది నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. మోటారుకు ఆరంగుళాల పుల్లీ, ఇరుసుకు మూడంగుళాలది పెడితే బ్లేడు 2880 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల బ్లేడు అంచున పళ్ల వేగం ఎంతో కాగితం మీద లెక్క వేశాను. సెకనుకు 38 మీటర్లు, అంటే గంటకు 138 కిలోమీటర్లు. ఆ అంకెను చూసి అప్పట్లో గర్వపడ్డానే తప్ప భయపడలేదు.

శుభ్రం చేస్తుండగా ఒక వింత కనిపించింది. ఇరుసును పట్టి ఉంచే దిమ్మ వెనక భాగాన పాత పెయింటూ రంపపు పొట్టూ కలిసి రాయిలా గట్టిపడ్డ ముద్ద ఉంది. గీకితే మరలున్న రెండు రంధ్రాలు బయటపడ్డాయి. బోల్టులు లేవు. అక్కడ ఏదో బిగించి ఉండాలని తెలుస్తోంది. ఏమిటో నాకు అర్థం కాలేదు. కాస్త గ్రీజు రాసి ముందుకు వెళ్లిపోయాను.

స్విచ్ విషయంలో మాత్రం మోటారు వైండింగ్ చేసే కుర్రాడు నన్ను కాపాడాడు. గోడకు మామూలు స్విచ్ పెడతానంటే ఒప్పుకోలేదు. స్టార్టర్ పెట్టించాడు. కోస్తుండగా కరెంటు పోతే స్టార్టర్ దానంతటదే విడిపోతుంది. కరెంటు తిరిగొచ్చినా పచ్చ బటన్ నొక్కితే గానీ మిషన్ కదలదు. మామూలు స్విచ్ అయితే మనం మరిచిపోయి బ్లేడు దగ్గర చెక్కపొట్టు ఊడుస్తున్నప్పుడు కరెంటు రావచ్చు. కోతలతో పెరిగిన మన తరానికి దీన్ని ఇంతకన్నా వివరించనక్కర్లేదు.

మొదటి కోతలు వెన్నలా సాగాయి. ఆరడుగుల టేకు పలక నిమిషంలోపే రెండయింది. గీత ఎక్కడా తప్పలేదు. నాలుగో వారం ఒక వేప పలక పెట్టాను. సరిగా ఆరని చెక్క. సగం దాకా బాగానే వెళ్లింది. ఆ తర్వాత మిషన్ గొంతు మారింది. నేను తల ఎత్తేలోపు రెండడుగుల ముక్క నా పక్క నుంచి దూసుకెళ్లి వెనక గోడకు తగిలింది. సిమెంటు పెచ్చు ఊడింది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన మా ఆవిడ గోడ వైపు చూడలేదు. ముందు నా చేతుల వైపు చూసింది. తర్వాత ఏమీ అనకుండా మెయిన్ ఆపేసి లోపలికి వెళ్లింది.

నేను బతికిపోయింది మేస్త్రీ అమ్మేటప్పుడు చెప్పిన ఒక్క మాట వల్ల. 'బ్లేడుకు ఎదురుంగ నిలవడొద్దు సార్, ఎడమ పక్కకుండాలె.'

అసలు జరిగిందేమిటో ఆ రాత్రి కూర్చుని తెలుసుకున్నాను. బ్లేడు ముందువైపు పళ్లు చెక్కను కిందికి, బల్లకు అదుముతాయి. వెనకవైపు పళ్లు కింది నుంచి పైకి లేస్తుంటాయి. సరిగా ఆరని చెక్కలోనూ, లోపల బిగువున్న చెక్కలోనూ కోసిన గాడి వెనక మళ్లీ మూసుకుపోతుంది. మూసుకున్న చెక్క ఆ లేచే పళ్లను పట్టుకుంటుంది. పళ్లు దాన్ని ఎత్తి, నేను లెక్కవేసి మురిసిపోయిన ఆ వేగంతోనే కోసేవాడి మీదికి విసురుతాయి. చెక్కను నొక్కిపట్టిన చెయ్యి, చెక్క మాయం కాగానే, బ్లేడు మీదికి జారుతుంది. మేస్త్రీ వేళ్లు పోయిన దారి అదే అయివుంటుంది.

దీన్ని ఆపే వస్తువు చాలా చిన్నది. బ్లేడు వెనక, కోసిన గాడిలో నిలబడే ఉక్కు రేకు. రివింగ్ నైఫ్ అంటారు. గాడి మూసుకోకుండా అడ్డు నిలవడమే దాని పని. నేను గ్రీజు రాసి వదిలేసిన రెండు రంధ్రాలు ఎందుకో అప్పుడు తెలిసింది. తుప్పు వదిలించి, బేరింగులు మార్చి, మైనం పూసి మిషన్‌ను కొత్తదానిలా చేశానని అనుకున్నాను. కానీ మనిషిని కాపాడే భాగం లేదన్న సంగతే గమనించలేదు.

మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్లి అడిగాను. ఆయన దాచుకోలేదు. '96ల కొన్నప్పుడు రేకు ఉండె, పైన టోపీ ఉండె. సన్నపు పట్టీలు కోసేటప్పుడు అడ్డమొస్తున్నయని నేనే తీసిన. గంటకు ఎన్ని కోస్తే అన్ని పైసలు సార్. తీసినంక మళ్ల పెట్టింది లేదు. ఎటు పోయినయో.' వేళ్లు పోయాక కూడా పెట్టలేదా అంటే నవ్వారు. 'అప్పుడు మందుల అప్పు గూడ ఉండె.'

చట్టం లేక కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 21వ సెక్షన్ యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె ఉండి తీరాలంది. కాకపోతే కరెంటుతో పనిచేసేచోట కనీసం 10 మంది ఉంటేనే దాని లెక్కలో అది ఫ్యాక్టరీ. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. మేస్త్రీ దుకాణంలో ఆయనతో కలిపి ముగ్గురు.

అమెరికాలో స్టీవ్ గాస్ అనే పేటెంట్ న్యాయవాది 1999లో ఒక ఏర్పాటు కనిపెట్టారు. వేలు తగిలితే బ్లేడులోని విద్యుత్ సంకేతం మారుతుంది. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మ పళ్లలో దిగబడి బ్లేడును మిల్లీసెకన్లలో ఆపేస్తుంది. వేలికి చిన్న గాటుతో పోతుంది. అద్భుతమే. కానీ దాని ధర మన మేస్త్రీల లెక్కకు అందదు. నాకు కావాల్సింది అంత పెద్దది కూడా కాదు.

నా బ్లేడు రేకు మందం 1.8 మిల్లీమీటర్లు. దాని పళ్లు కోసే గాడి వెడల్పు 2.8. రివింగ్ నైఫ్ ఈ రెంటికీ మధ్య ఉండాలి. గాడి కన్నా మందమైతే చెక్క ఇరుక్కుంటుంది, బ్లేడు కన్నా పలచనైతే గాడి మూసుకోవడాన్ని ఆపలేదు. అట్టముక్క మీద బ్లేడు వంపు గీసి, లేత్ దుకాణంలో 2.5 మిల్లీమీటర్ల ఉక్కు రేకును ఆ వంపుకు కోయించాను. పళ్లకూ రేకుకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లకు మించకుండా చూశాను. ఈ మిషన్‌లో బ్లేడు కదలదు, బల్లే పైకీ కిందికీ జరుగుతుంది. అందువల్ల ఒకసారి బిగిస్తే ఆ దూరం మారదు. రేకు పైకొనకు పాలీకార్బొనేట్ షీటుతో టోపీ పెట్టాను. చేతులు బ్లేడు దగ్గరికి వెళ్లనవసరం లేకుండా తుమ్మ చెక్కతో రెండు తోపుడు కర్రలు చేసుకున్నాను. అన్నిటికీ కలిపి అయిన ఖర్చు తొమ్మిది వందలు.

అప్పటికి గానీ మా ఆవిడ మెయిన్ వెయ్యనివ్వలేదు.

ఒక ఆదివారం మేస్త్రీని ఇంటికి పిలిచాను. ఆయన బల్ల మీద అరచెయ్యి ఆనించి, 'గింత నున్నగ కొన్ననాడు గూడ లేకుండె' అన్నారు. ఆ మిగిలిన వేప పలకనే ఇచ్చాను. అలవాటు చొప్పున ఎడమ పక్కకు జరిగి నిలబడి, పలకను తోశారు. సగం దాటాక చెక్క దగ్గరకు నొక్కుకోవడం, మధ్యలో రేకు నిలబడి దాన్ని ఆపడం ఇద్దరం చూశాం. మిషన్ గొంతు మారలేదు. పలక చివరిదాకా వెళ్లింది. బ్లేడు పూర్తిగా ఆగేదాకా ఆయన కదల్లేదు.

టీ తాగుతూ కొడుకు గురించి చెప్పారు. ఇంటీరియర్ పనుల్లో బల్ల రంపం ఎవరూ మోసుకెళ్లరు. బండలు కోసే చిన్న మిషన్‌కు చెక్క బ్లేడు పెట్టి, ప్లైవుడ్ ముక్క కింద తలకిందులుగా బిగిస్తారు. అదే వాళ్ల టేబుల్ సా. నిమిషానికి 12 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. దాని మీద రేకూ ఉండదు, టోపీ ఉండదు. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు పనిలో కొడుకు రోజూ పది గంటలు దాని మీదే ఉంటాడట.

వెళ్లేముందు మేస్త్రీ షెడ్డులోకి తిరిగి వచ్చారు. నేను వంపు గీసుకున్న అట్టముక్క గోడకు వేలాడుతోంది. దాన్ని తీసి, వెనక పెన్సిల్‌తో రాసిన కొలతలు చదివారు. 'చిన్న బ్లేడుకు గూడ గిట్లనే గీస్తే అయితది గద సార్?' అని అడిగారు. అవుతుందన్నాను. మూడు వేళ్ల మధ్య అట్టను జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.