తలుపు వెనక చాప

ఆదివారం గది సర్దుదామని మంచం కింద చీపురు పెడితే, మొదట బయటికొచ్చింది ఒంటి చెప్పు. ఎవరిదో తెలియదు, గుమ్మం దగ్గర పెట్టాను. ఉస్మానియా హాస్టల్లో ఈ గది ఇద్దరి పేరున ఉంది. ఉండేది మాత్రం నలుగురం. లెక్కలో లేని ఆ ఇద్దరినీ నాన్‌బోర్డర్లంటారు. వాళ్లకు మంచం ఉండదు, చాప ఉంటుంది. పొద్దున్నే ఆ చాప చుట్టి తలుపు వెనక నిలబెడితే, మనుషులే కాసేపు మాయమైనట్టుంటుంది.

అలమరలో పాత పేపరు తీసి కొత్తది పరిచాను. పాతదాని మీద గుండ్రంగా నూనె మరక. మా ఖమ్మం వాడి అమ్మ పంపిన ఆవకాయ సీసాది. సీసా వాడిదే, అడుగంటేదాకా తిన్నది అందరం.

పుస్తకాల దగ్గర చెయ్యి ఆగింది. గ్రూప్స్ గైడ్లు, మూడేళ్లనాటివి. వాటి యజమాని నోటిఫికేషన్ కోసం చూసి చూసి ఊరెళ్లిపోయాడు. "ఉంచన్నా, మళ్లొస్తా" అన్నాడు. తూకానికి వేయబుద్ధి కాలేదు. సుతిలితో కట్టి అలమర పైకెక్కించాను.

అమ్మ ఇల్లు సర్దుతుంటే విసుక్కునేవాణ్ణి. ఏది ఎవరిదో ఎవర్నీ అడక్కుండానే ఆమెకెలా తెలిసేదో!

సాయంత్రానికి గది కాస్త పెద్దదైంది. ఎవరి వస్తువు వారి దగ్గరికి చేరింది. ఎవరి జాగా ఎంతో కూడా తేలిపోయింది, అదెందుకో నచ్చలేదు. నలుగురం నాలుగు మూలలా కూర్చున్నాం. చివరికి ఒకడు లేచి, తలుపు వెనక చాప తీసి మధ్యలో పరిచాడు.

ఒంటి చెప్పు ఇంకా గుమ్మం దగ్గరే ఉంది.