కాలవగట్టున బ్రాహ్మి

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం మీదుగా కడియం వైపు వెళ్ళేవారికి దారి పొడుగునా రెండు తోటలు కనిపిస్తాయి. ఒకటి అందరూ చూసేది. కడియపులంక నర్సరీలలో బారులు తీరిన గులాబీలు, క్రోటన్లు, సముద్రాలు దాటి వచ్చిన నానావిధాల మొక్కలూను. సెలవు రోజుల్లో కుటుంబాలు కార్లు దిగి, ఫొటోలు తీయించుకుని, కుండీలు కొనుక్కుని వెళుతూ ఉంటాయి. రెండవ తోటను ఎవరూ నాటలేదు, దానికి మాలీ కూడా లేడు. కాలవనీరు ఊటగా దిగే పల్లాల్లోనూ, వరిచేల గట్ల అంచులనూ నేలను కరుచుకుని పాకే చిన్న మొక్క అది. పేరు బ్రాహ్మి. నీటిపట్టున ఉంటుంది గనుక జలబ్రాహ్మి అని కూడా అంటారు.

1852లో కాటన్ దొరగారి ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాలో తడికి కొదవ లేదు. ఆ తడే ఈ మొక్కకు ప్రాణం. ఏడాదిలో చాలా భాగం పూస్తూనే ఉంటుంది. అయిదు రేకల తెల్లని పువ్వు. కొన్నిటికి లేత ఊదా ఛాయ. పరాయిదేశాలవారు దీన్ని అద్దాల తొట్టెల్లో, చేపల మధ్య ముచ్చటగా పెంచుకుంటారు. మనం కాలితో తొక్కుకుంటూ వెళ్ళి, కడియంలో వాళ్ళ మొక్కలు బేరమాడుతున్నాం!

పేరు దగ్గరే ఒక పెద్ద తికమక ఉన్నది. సరస్వతి ఆకు వేరు, ఇది వేరు. అయితే సంస్కృతంలో బ్రాహ్మి అన్నా సరస్వతే కదా! ఒకే దేవి పేర్లు రెండు మొక్కలకు పడ్డాయి. ఇక బజారులో ఎవరు ఏది ఇచ్చినా అబద్ధమాడినట్లు కాదు. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఇది వేడుకైన విషయమే గాని, పిల్లవాడికి జ్ఞాపకశక్తి కోసమని ఆకు నూరే తల్లికి వేడుక కాదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. సరస్వతి ఆకు గుండ్రం. అంచున సన్నని నొక్కులు, పొడుగాటి కాడ. దాని పువ్వులు ఆకుల చాటున ఉంటాయి. మండూకపర్ణి అని దానికి మరో పేరు. జలబ్రాహ్మి ఆకు అరంగుళం దాటీ దాటకుండా, దళసరిగా, కాడ లేకుండా జంటజంటలుగా ఎదురెదురుగా ఉంటుంది. నమిలితే చేదు. పాయలకూరతో పొరబడేవారూ ఉన్నారు. పాయలకూర కాడ ఎరుపు, రుచి పులుపు, పువ్వు పసుపు. అంచేత పువ్వు చూశాకనే కొనండి.

సారస్వతారిష్టంలో ముఖ్యమైన దినుసు బ్రాహ్మి. ఈ కాలపు పరిశోధకులు కూడా మనుషులకిచ్చి పరీక్షించారు. కొన్ని వారాలు వాడినవారిలో జ్ఞాపకానికి కొంత మేలు కనిపించిందన్నారు. కొందరికి కడుపులో వికారం కూడా కలిగింది. పరీక్షలు రేపనగా ఈవేళ తినిపిస్తే ఒరిగేదేమీ లేదు. ఆకు తిన్నంతనే ఛందస్సు వచ్చేటట్లయితే మాబోటివాళ్ళకు కళాశాలలో పనే ఉండేది కాదు. మందుగా వాడదలచినవారు, ముఖ్యంగా పిల్లలకు, వైద్యుణ్ణి అడిగి వాడాలి. బెంగాలీలు మాత్రం దీన్ని నేతిలో వేయించి అన్నంలో కలుపుకుని కూరలాగానే తింటారు.

ఎక్కడి ఆకు తింటున్నామన్నది అంతకంటే ముఖ్యం. ఈ మొక్క నీటిలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చి తనలో దాచుకుంటుంది. మురుగుకాలవ పక్కన పచ్చగా నవనవలాడుతున్నది చూసి మోసపోకూడదు. అది ఎంత బాగా పెరిగితే అంత మురికి తాగిందన్నమాట! అందుకే పెరట్లో పెంచుకొమ్మంటున్నాను.

పెంపకం బహు తేలిక. కణుపులున్న తీగముక్కలు, వేలెడంతవి, నాలుగు చాలు. లోతు అక్కర్లేదు గాని వెడల్పాటి తొట్టి కావాలి. ఒండ్రుమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, బురదలా తడిపి, ముక్కలను పడుకోబెట్టి, కణుపుల మీద కాస్త మట్టి కప్పితే కణుపు కణుపునా వేళ్ళు దిగుతాయి. పూటంతా ఎండ తగలాలి. నీడలో పెడితే తీగ సాగుతుందే గాని పువ్వు తక్కువ. నూతిచపటా పక్క తడి దీనికి మహా ఇష్టం. సబ్బునీళ్ళు పారేచోట మాత్రం వద్దు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి గాని పైన నీరు నిలవకూడదు. నిలిస్తే మొక్క చావదు, దోమలు పుడతాయి. కొద్దిపాటి ఉప్పును కూడా ఓర్చుకుంటుంది. కోనసీమలో సముద్రం దగ్గరి ఊళ్ళవారు, నూతినీరు కాస్త ఉప్పగా ఉన్నా, ధైర్యంగా నాటవచ్చు.

కష్టకాలమల్లా వేసవి. మరమ్మతులకని కాలవలు కట్టేసిన రోజుల్లో గట్టుమీద బ్రాహ్మి ఎండి మట్టిలో కలిసిపోయినట్లుంటుంది. తొట్టిలోదానికి రెండుపూటలా నీళ్ళు పోసి, మధ్యాహ్నం కాస్త నీడ పట్టునకు జరపాలి. కొత్తగా నాటేవారు జూన్‌లో కాలవలకు నీరు వదిలి, తొలకరి పడేదాకా ఆగడం మంచిది. కోసేటప్పుడు వేళ్ళతో పెరక్కుండా, రెండంగుళాలు ఉంచి కత్తెరతో కత్తిరించండి. మళ్ళీ చిగుళ్ళు వేస్తుంది.