జొన్నాడ వంతెన అవతల

కోనసీమలో పుట్టినవాడికి ఎత్తు ఎక్కడమంటే ఏంటో తెలియదు దోస్తులారా. కాలవ గట్టెక్కితే అదే మాకు పహాడ్. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలవ నీళ్ళకి ఇక్కడి మెరకా పల్లం తెలుసు గానీ, సైకిల్ తొక్కే కాళ్ళకి తెలియదు. అలాంటి నేను యాభై రెండేళ్ళ వయసులో మారేడుమిల్లి కొండలకి సైకిల్ మీద బయల్దేరాను.

జిద్ నాది కాదు, మా అబ్బాయిది. వాడికి కువైట్ వీసా వచ్చింది. "అబ్బా, వెళ్ళేలోపు మనిద్దరం ఒక సఫర్ చేద్దాం" అన్నాడు. కాదనే హక్కు నాకెక్కడిది? వాడికి రెండేళ్ళప్పుడు నేనూ అక్కడికే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వాడికి పద్నాలుగు. వాడికి సైకిల్ నేర్పింది వాళ్ళమ్మీ. బురఖా ఎగ్గట్టుకుని సందులో వెనకాల పరిగెత్తిందట. ఆ ఖబర్ నాకు ఫోన్‌లో అందింది.

డిసెంబర్‌లో ఒక రోజు ఫజర్ కాగానే అమలాపురం నుంచి బయల్దేరాం. వాడిది గేర్ల సైకిల్, నాది పాత రాడ్ బ్రేకుల బండి. కొత్తపేట, రావులపాలెం దాకా కొబ్బరి చెట్ల నీడే. జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన దాటి, కడియపులంక నర్సరీలు చూసుకుంటూ రాజమండ్రి చేరాం. రాత్రి అక్కడే. రెండో రోజు గోకవరం మీదుగా రంపచోడవరం. 2022 దాకా ఇదంతా ఒకటే తూర్పు గోదావరి జిల్లా. ఒకే జిల్లాలో ఇన్నేళ్ళు బతికి, నేను ఈ కొండల మొహమే చూడలేదు.

మూడో రోజు మారేడుమిల్లి. బొంగులో చికెన్ ఖుష్బూ ప్రాణం లాగేసింది గానీ, జబీహా సంగతి తెలియక అన్నం పప్పుతో సబర్ చేసుకున్నాం. ఊరు దాటాక చింతూరు వైపు ఘాట్ రోడ్డు. రెండు పక్కలా వెదురు, టేకు. ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు. నా బండికి ఒకటే గేరు, నాకు ఒకటే ఊపిరి. నిలబడి తొక్కాను. మోకాళ్ళు వణికాయి. అయినా దిగలేదు. కొడుకు ముందు దిగడమంటే షరమ్.

వాడు ప్రతి మలుపులోనూ ఆగి నా కోసం చూస్తున్నాడు. మూడోసారో నాలుగోసారో అన్నాడు: "అబ్బా, సఫర్‌లో నాలుగు రకాత్‌ల నమాజే రెండుకి తగ్గించుకుంటాం కదా. దిగి నడిస్తే ఏమవుతుంది?"

దిగాను. వాడూ దిగాడు. ఇద్దరం బళ్ళు నెట్టుకుంటూ నడిచాం. తొక్కుతున్నప్పుడు రాని మాట నడుస్తుంటే వచ్చింది. "నీ బచ్‌పన్‌లో నేను లేను బేటా. మాఫ్ చెయ్" అన్నాను.

వాడు చాలాసేపు పలకలేదు. పక్కనుంచి లారీ వెళ్ళిపోయాక వాటర్ బాటిల్ అందించి, "నాకూ ఒక కొడుకు పుట్టాక అడుగు అబ్బా, అప్పుడు జవాబు చెప్తా" అన్నాడు. గుస్సా లేదు ఆ గొంతులో. మాఫీ కూడా లేదు. నిజం మాత్రం ఉంది.

ఇంక కాళ్ళు రావనుకున్న చోట వెనక్కి తిరిగాం. దిగేటప్పుడు నేను వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టుకుని వస్తున్నాను. రబ్బరు కాలిన వాసన. వాడు పక్కకొచ్చి కేకేశాడు: "రెండూ కలిపి పట్టు అబ్బా! పట్టి వదులు, పట్టి వదులు. అమ్మీ ఇలాగే నేర్పింది."

పట్టి వదిలాను, పట్టి వదిలాను. మారేడుమిల్లి దాకా వాడు నా పక్కనే వచ్చాడు.

జనవరిలో వెళ్ళిపోయాడు. గేర్ల సైకిల్ వరండాలో ఉంది. ప్రతి జుమ్మా రోజు దాని గాలి చూసి, చైన్‌కి నూనె వేస్తున్నా. ఆదివారాలు నా బండి తీసి జొన్నాడ వంతెన దాకా తొక్కి వస్తున్నా. వాడు సెలవు మీద వచ్చేసరికి ఇంకో రెండు మలుపులు ఎక్కువ తొక్కాలని నా ఇరాదా.

మీ దువాల్లో వాణ్ణి యాద్ ఉంచుకోండి.