అవుసులాయన అతికిన రంపం

విరిగిన రంపపు పట్టీని పాత పేపర్లో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని నిజామాబాద్‌లో నిర్మల్ బస్సెక్కాను. ఆర్మూర్ వచ్చేసరికే దాని పళ్లు పేపరును చీల్చుకుని బయటికి తొంగిచూశాయి. పక్క సీటు పెద్దమనిషి ఒకసారి సంచిని, ఒకసారి నన్ను చూసి, తువ్వాల సర్దుకుంటున్నట్టుగా కొంచెం అవతలికి జరిగాడు.

బాల్కొండ దాటాక ముప్కాల్. 2016 దాకా బాల్కొండ మండలంలో ఒక ఊరు, ఇప్పుడు తానే మండల కేంద్రం. పేపర్లలో ఈ పేరు కనిపిస్తే చాలావరకు వరద కాలువ మీద కట్టిన పంపుహౌజ్ సంగతే ఉంటుంది. నేను దిగినప్పుడు మాత్రం ఊరంతా పసుపే. తవ్వకాల రోజులు. ఎక్కడో కొమ్ములు ఉడుకుతున్నాయి, ఆ మట్టి కలిసిన ఘాటు రోడ్డు దాకా వస్తోంది. దాన్ని దాటుకుని నాలుగడుగులు వేస్తే టేకు పొట్టు వాసన. దారి అడగాల్సిన పని లేకపోయింది.

నేను వడ్రంగిని కాను. బ్యాంకులో ముప్పై ఏళ్లు లెక్కలు చూసి రిటైరైనవాణ్ని. పుట్టి పెరిగింది బోధన్ శక్కర్‌నగర్‌లో, మా నాన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆయన లేడు. ఆయన రాసుకునే టేకు బల్ల మాత్రం మా ఇంట్లో మిగిలింది. పైపలకలు ఒకటిన్నర అంగుళం మందం, కాళ్లు చెదలు తినేశాయి. ఆ పలకల్ని నిలువుగా చీల్చి పుస్తకాల బీరువాకు తలుపులు చేద్దామన్నది నా ఆశ. అందుకోసం నిరుడు, రెండు చక్రాల మీద పట్టీ రంపం తిరిగే పద్నాలుగు అంగుళాల బ్యాండ్ సా కొన్నాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు పావుగంటలో స్విచ్చు వేసి చూపించి వెళ్లిపోయాడు. మొదటి పలక గీత మీద మొదలై, జానెడు పోయాక గీతను వదిలేసింది. రెండు వారాల తర్వాత పట్టీ తెగింది.

నేను వెళ్లింది ఒక సా మిల్లు ఆవరణలోని రేకుల షెడ్డుకి. షెడ్డు ఒక వడ్లాయనది, మిల్లు ఆయన బామ్మర్దిది. పన్నెండేళ్లు షార్జాలో తలుపుల కార్ఖానాలో పనిచేసి వచ్చాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

“అచ్చిండ్రా సార్! ముందుగాల చాయ్ తాగుండ్రి. పట్టీ యాడికి ఉరుకుతది, ఇరిగిపాయె గదా.”

చాయ్ తాగుతూనే నా సంచిలోంచి పట్టీని కాదు, నేను పాడుచేసిన టేకు ముక్కను తీశాడు. కోసిన ముఖాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి, బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరాడు. మధ్యలో వేలు ఆగింది.

“గీడ పొట్ట అచ్చింది చూడుండ్రి. పైన సక్కగనే ఉన్నది, కింద సక్కగనే ఉన్నది, నడుమ వంగింది. అంటే పట్టీ బిగువు లేదు, లేకుంటే పళ్లు ఎక్కువైనయి. ఎన్ని పళ్ల పట్టీ ఇది?”

అంగుళానికి పది అన్నాను. ఆయన నవ్వాపుకోవడం చూశాను. ఆరంగుళాల లోతున టేకును చీలుస్తుంటే ఒక్కో పన్నూ ఆ ఆరంగుళాల పొడవునా తవ్విన పొట్టును తన ముందున్న గుంటలో నింపుకుని కిందికి మోయాలి. పళ్లు దగ్గరదగ్గరగా ఉంటే ఆ గుంట చిన్నది. అది సగంలోనే నిండిపోతే పన్ను కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. పట్టీ వేడెక్కుతుంది, దారి తప్పుతుంది. చీల్చడానికి అరంగుళం వెడల్పున్న, అంగుళానికి మూడు పళ్ల పట్టీ చాలు. వంపులు తిప్పాలంటే పావంగుళం వెడల్పుది. అదైతే దాదాపు ఐదెనిమిదో వంతు అంగుళం వ్యాసార్థం దాకా తిరుగుతుంది. అరంగుళం పట్టీకి రెండున్నర అంగుళాలైనా కావాలి. “ఈ రెండు పట్టీలు ఉంటే తొంభై పైసల పని అయిపోతది,” అన్నాడు. నేను అప్పటికే ఏడు రకాలు కొని పెట్టుకున్నానని చెప్పలేదు.

“మిషన్ కొంటే రంపం అచ్చినట్టు కాదు సార్. అది డబ్బా. డబ్బాను మనం రంపం చెయ్యాలె.”

తన మిషను కూడా నా మిషను సైజుదే. నా కోసం దాని పట్టీ వదులు చేసి, మొదటినుంచీ మళ్లీ బిగించి చూపించాడు. ముందు ప్లగ్గు పీకి, దాన్ని బల్ల మీద కంటికి కనబడేలా పెట్టాడు. రెండు తలుపులూ తెరిచి, చక్రాల మీది రబ్బరు తొడుగును అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో గీకాడు. టేకు జిడ్డుకు పొట్టు అంటుకుని అక్కడక్కడా గట్టిపడి ఉంది. ఆ ఉబ్బు మీద ఎక్కి దిగిన ప్రతిసారీ పట్టీ ఊగుతుందట. నా మిషను తలుపు నేను పట్టీ మార్చడానికి తప్ప ఎప్పుడూ తెరవలేదు.

పట్టీని చక్రాల మీద వేశాడు, పళ్లు నావైపు, కిందికి. (మొదటిరోజు నేను తలకిందులుగా వేసి, అరగంట సేపు కట్టెకు పొగ పెట్టాను. ఎవరికీ చెప్పకండి.) తర్వాత చేసిన పని నాకు ఆ కుర్రాడూ చూపలేదు, మిషనుతో వచ్చిన పుస్తకం చదివినా బుర్రకెక్కలేదు. పట్టీ పక్కకు పోకుండా ఆపే గైడ్లన్నిటినీ దానికి తగలకుండా దూరం జరిపేశాడు. గైడ్లు ఆనుకుని ఉండగా పట్టీ చక్రం మీద ఎక్కడ నడుస్తోందో చూస్తే, పట్టీని నడిపేది చక్రమో గైడో మనకు తెలియదు. పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ వెనకనున్న మరను వేలెడంత, వేలిలో సగమంత తిప్పాడు. పట్టీ చక్రం మీద ఇటు నడిచింది, అటు నడిచింది. పంటిగుంట అడుగు సరిగ్గా చక్రం నడిమి ఉబ్బు మీదికి వచ్చినప్పుడు ఆపాడు.

“పట్టీ మొత్తం నడుమ ఉండుడు కాదు సార్. పళ్ల అడుగు నడుమ ఉండాలె. అప్పుడు లాగుడు పళ్ల మీద పడతది. మీది వెనకకు పోయింది గావచ్చు, అందుకే గీతను ఇడిసిపెట్టి పక్కకు పోయింది.”

బిగువు చూపే స్ప్రింగు గీతల్ని ఆయన లెక్కచెయ్యడు. గైడును ఆరంగుళాలు పైకెత్తి, పట్టీ నడుమ వేలితో పక్కకు నొక్కుతాడు. పావంగుళం లోపు కదిలి ఆగాలి. పక్క గైడ్లను కాగితం మందం సందుతో, గుంటలకు కొంచెం వెనకగా నిలిపాడు. ముందుకొస్తే గైడే పళ్ల వాలును నలిపేస్తుంది. వెనక బేరింగు ఖాళీగా తిరిగేటప్పుడు పట్టీకి తగలొద్దు, కట్టె తోసినప్పుడు మాత్రమే తిరగాలి. మిషను బల్ల పట్టీకి లంబంగా ఉందా లేదా అన్నది మూలమట్టంతో ఒకసారి చూశాడు గానీ, నమ్మకం వేరేదాని మీద. చిన్న దిమ్మెకు కొంచెం గాటు పెట్టి, మిషను ఆపి, దిమ్మెను తలకిందులు చేసి పట్టీ వెనకవైపు నుంచి గాటులోకి తోశాడు. పట్టీ వీపు గాటులో అడ్డులేకుండా దూరింది. బల్ల ఏమాత్రం వాలి ఉన్నా దూరదు. ఇంత సులువైన పరీక్ష ఉండగా నేను మూలమట్టాలు మూడు కొన్నాను.

ఇక మిషనుకు ఆయన తగిలించిన నగలు. దేనికీ పెద్దగా డబ్బు పెట్టినట్టు లేదు. చీల్చడానికి ఆరంగుళాల ఎత్తున్న ఆనుడు పలక, రెండు క్లాంపులతో. పట్టీ చుట్టూ ఖాళీ లేకుండా ప్లైవుడ్ ముక్కతో చేసిన నడిమి బిళ్ల. తోపుడు పుల్ల దారంతో స్విచ్చు పక్కనే వేలాడుతోంది. దాన్ని వెతుక్కోవాల్సి వస్తే మనిషి వేలితోనే తోసేస్తాడని ఆయన అనుభవం. గుండ్రంగా కోయడానికి తల తెంపిన మేకు దిగ్గొట్టిన జారుడు పట్టె ఒకటి, చపాతీ పీటలకు. గల్ఫ్ నుంచి తెచ్చిన వాక్యూమ్ క్లీనర్ పొట్టు పీలుస్తుంది. ఇదొక్కటే ఖరీదైంది, ఇదే అన్నిటికన్నా ముందు కొనాల్సింది అని నా అభిప్రాయం. కట్టె ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఇది చెబితే ఆయన తలూపి, మెడలో ఉన్న మాస్కును పైకి లాక్కున్నాడు.

బ్యాండ్ సానే ఎందుకన్న లెక్క మాత్రం నా వైపు. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. వృత్తాకార రంపం ఒక్కో కోతకు మూడు మిల్లీమీటర్లు తింటే ఎనిమిది మిల్లీమీటర్ల పలకలు మూడే వస్తాయి. సన్నపట్టీ ఒక మిల్లీమీటరు తింటుంది: నాలుగు ఎనిమిదులు 32, కోతలు మూడు, మొత్తం 35. నాలుగు పలకలు వచ్చి, ఇంకా మూడు మిల్లీమీటర్లు మిగులు. నాన్న బల్లలోంచి ఒక్క పలక ఎక్కువ రావడం కోసం ఇంత దూరం వచ్చానా అంటే, అవును.

షెడ్డు బయట మిల్లు పెద్ద బ్యాండ్ సా ఎవరిదో తుమ్మ మొద్దును కోస్తోంది. దాని చక్రం నా ఛాతీ ఎత్తుంది. మాట లైసెన్సు మీదికి మళ్లింది. 1996 డిసెంబర్ 12న అడవులకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత సా మిల్లుల మీద గట్టి నిఘా మొదలైంది. కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కోసిన కట్టెతో పనిచేసే చిన్న దుకాణాలను లైసెన్సు నుంచి వదిలేశాయి గానీ, బ్యాండ్ సా ఉండకూడదు, 30 సెంటీమీటర్లు మించిన వృత్తాకార రంపం ఉండకూడదు అన్న షరతుతో. అంటే ఒక వడ్లాయన చేతి మిషన్లు ఎన్ని పెట్టుకున్నా ఫర్వాలేదు, ఈ పట్టీ తగిలించగానే కథ మారుతుంది. ఈయన షెడ్డు లైసెన్సున్న మిల్లు ఆవరణలో ఎందుకుందో అప్పుడర్థమైంది.

“మీరు కొనేముందట ఫారెస్టు రేంజ్ ఆఫీసుల అడిగిండ్రా?”

అడగలేదు.

“అడుగుండ్రి సార్. ఇంట్ల పెట్టుకునేదైనా సరే. కట్టె కొన్న రశీదులు గూడ దాచుండ్రి.”

నాన్న బల్లకు రశీదు ఎక్కడ తేను?

విరిగిన పట్టీ సంగతికొచ్చేసరికి పొద్దు వాలింది. దాన్ని తీసుకుని బజారులోని అవుసులాయన దగ్గరికి నడిచాడు. నేను వెనకే. డెబ్భై దాటిన మనిషి, ముక్కుపుడకకు రాయి కూర్చుతున్నాడు. “కాకా, ఇంకొకటి అచ్చింది,” అన్నాడు మా వడ్లాయన.

పెద్దాయన పట్టీ రెండు కొసలనూ ఆకురాయితో చెరోవైపు వాలుగా అరగదీశాడు, ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఒకే మందం అయ్యేలా. వీపు తిన్నగా ఉండేందుకు ఇనుప పట్టెకు ఆనించి బిగించాడు. వెలిగారం నీళ్లతో నూరి పూశాడు. తర్వాత చిన్న తరాజులో గోరంత వెండి టాకా రేకును తూచి, చీటీలో రాసుకున్నాడు. బంగారప్పని చేసే చేయి రంపానికైనా తూచకుండా వెయ్యదు. రేకును రెండు వాలుల మధ్య దూర్చి గ్యాసు మంట పట్టాడు. వెలిగారం పొంగి, అద్దంలా కరిగింది. ఉక్కు ఎర్రబడింది. ఉన్నట్టుండి సందు పొడవునా తెల్లటి మెరుపు పాకింది. మంట తీసేశాడు.

ఆ మెరుపు కోసం ఐరోపా చాలాకాలం ఆగాల్సి వచ్చింది. ఇంగ్లండులో విలియం న్యూబెరీ 1809 ప్రాంతంలోనే ఈ రంపానికి పేటెంటు తీసుకున్నాడు. చక్రాలు తిరిగాయి, పట్టీలే అతుకు దగ్గర పుటుక్కుమనేవి. 1846లో ఆన్ పాలిన్ క్రెపాన్ అనే ఫ్రెంచి మహిళ అతుకు నిలిచే పద్ధతి కనిపెట్టి పేటెంటు పొందింది. ఆ హక్కును పారిస్‌లోని పెరాన్ కంపెనీకి అమ్మింది. ఆ తర్వాతే బ్యాండ్ సా కార్ఖానాల్లో కుదురుకుంది. పెద్దాయనకు ఈ కథ చెప్పాను.

“ఆడామె అవుసులామెనా?” అని అడిగాడు.

చల్లారాక అతుకును మళ్లీ కొద్దిగా వేడిచేసి పెళుసు తీశాడు, పైకొచ్చిన వెండిని ఆకురాయితో సమం చేశాడు. పట్టీని మోకాలికి చుట్టి వంచాడు. అతుకు దగ్గర కోణం రాలేదు, మిగతా పట్టీతో పాటే గుండ్రంగా వంగింది. పది పళ్లదే అయినా సన్నపలకలకు పనికొస్తుందన్నారు ఇద్దరూ.

షెడ్డు దగ్గరికి తిరిగొచ్చాక దాన్ని మూడు చుట్లుగా మడవడం నేర్పాడు. ఒక కొసను కాలితో తొక్కిపట్టి, పళ్లు బయటికి ఉంచి, రెండో కొసను పట్టుకుని మణికట్టు తిప్పుతూ కిందికి వంచాలి. ఆయన చేతిలో తొంభై మూడున్నర అంగుళాల పట్టీ కళ్లముందే మూడు గాజులై కూర్చుంది. నేను తిప్పితే పాములా ఎగిరి చాయ్ గ్లాసును పడేసింది. వాళ్లావిడ లోపల్నుంచి తొంగిచూసి నవ్వు ఆపుకోలేకపోయింది. రెండోసారి ఎనిమిది అంకెలా తయారైంది. మూడోసారి ఆయన నా మణికట్టు పట్టుకుని తిప్పాడు. పడింది.

మూడు చోట్ల సుతిలి కట్టి, ఈసారి పేపర్లో కాదు, ఖాళీ యూరియా బస్తా ముక్కలో చుట్టి ఇచ్చాడు. నిజామాబాద్ బస్సు కిక్కిరిసి ఉంది. ఆర్మూర్ దాకా నిలబడే వెళ్లాను, బస్తాను నా కడుపుకు ఆనించుకుని.